కరెంటు పోయినా మోగవలసిన ఫోను

 

షవ్వాల్ మాసంలో మదరసా తిరిగి తెరుచుకునే రోజులలో, పిల్లలను చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులకు మేము ఒక ఫారం ఇస్తాము. అందులో ‘ఇంటి ఫోను నంబరు’ అనే గడి ఒకటి ఉంది. చాలా ఏళ్లపాటు ఆ గడి ఖాళీగానే మిగులుతూ వచ్చింది. రాగి తీగల ఫోన్లు ఇళ్లలోంచి వెళ్లిపోయాయి. ఎవరి సెల్లు వారి జేబులోకి చేరింది. ఈ మధ్య కొంతకాలంగా ఆ గడి మళ్లీ నిండుతోంది. ఇంటికి ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ వస్తోంది, దానితోపాటు ఒక ఫోను నంబరు కూడా వస్తోంది. మాట ఇంటర్నెట్ మీదుగా వెళ్లే ఫోను అది.

దీనిని కోరుకునే కుటుంబాలు మన సమాజంలో తక్కువేమీ కాదు. కడపలోనో నిజామాబాదులోనో తల్లిదండ్రులు ఉంటారు, కొడుకు జిద్దాలోనో దుబాయిలోనో పనిచేస్తుంటాడు. పెద్దవారికి అద్దం మీద వేలితో గీసే ఫోను చేతికి అలవడదు. చెవికి ఆనించుకుని మాట్లాడే ఫోను, నొక్కితే నొక్కినట్టు తెలిసే అంకెలు, ఇంట్లో ఒకేచోట ఉండే పరికరం వారికి హాయి. కాబట్టి బ్రాడ్‌బ్యాండుకు ఫోను తగిలించాలన్న ఆలోచన మంచిదే.

అయితే దీని గురించి మమ్మల్ని సలహా అడిగేవారందరూ మొదట వేసే ప్రశ్న ఒకటే: “ఎంత స్పీడు ఉండాలి?” మేము వారిని తిరిగి ఒక ప్రశ్న అడుగుతాము: “మీ ఇంట్లో కరెంటు పోతే ఈ ఫోను ఏమవుతుంది?” ఈ రెండో ప్రశ్నకు సిద్ధంగా జవాబు చెప్పినవారు మాకు అరుదుగా కనిపించారు. ఈ మాసం మా మాటంతా ఆ జవాబు చుట్టూనే.

పాత ఫోనుకు కరెంటు ఎక్కడిది?

పాత ల్యాండ్‌లైను ఫోనును కరెంటు ప్లగ్గుకు ఎవరూ తగిలించలేదు. అయినా అది మోగేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉన్న పెద్ద బ్యాటరీలు 48 వోల్టుల విద్యుత్తును అదే రాగి తీగల జత మీదుగా మన ఇంటి వరకు పంపేవి. ఊరంతా చీకటి కమ్మినా ఎక్స్ఛేంజీలో బ్యాటరీలు పనిచేస్తూ ఉండేవి, వాటి వెనుక డీజిల్ జనరేటరు ఉండేది. గాలివాన వచ్చిన రాత్రి లాంతరు వెలుగులో కూడా ఫోను ఎత్తి మాట్లాడగలిగాము. అందుకు మనం ఏ ఏర్పాటూ చేసుకోనవసరం లేకపోయింది.

ఫైబర్ తీగ అలాంటిది కాదు. అది గాజుతో చేసినది. దానిలో వెలుగు ప్రయాణిస్తుంది, విద్యుత్తు ప్రయాణించదు. ఆ వెలుగును తిరిగి మాటగా మార్చే పెట్టె మన గోడ మీద ఉంటుంది. ఆ పెట్టెకు కరెంటు మనమే ఇవ్వాలి. ఇంతకాలం ఎక్స్ఛేంజీ మోసిన బరువు ఇప్పుడు ఇంటి యజమాని భుజం మీదికి వచ్చిందన్నమాట. ఫోను అదే ఆకారంలో, అదే మోతతో ఉంటుంది గనుక ఈ మార్పు కంటికి కనపడదు. అవసరం వచ్చిన రాత్రే అది బయటపడుతుంది.

మా పూర్వ విద్యార్థి ఒకరు జిద్దాలో ఉద్యోగం చేస్తున్నారు. వారి తల్లి ఊరిలో ఒంటరిగా ఉంటారు. మన గడియారానికి అక్కడి గడియారం రెండున్నర గంటలు వెనుక. ఆయన డ్యూటీ ముగించుకుని రాత్రి పది గంటలకు ఫోను చేస్తే ఇక్కడ పన్నెండున్నర అవుతుంది. ఒక రాత్రి ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. గంట తరువాత పొరుగింటివారిని నిద్రలేపి పంపించారు. తల్లి క్షేమంగానే ఉన్నారు. ఆ వీధిలో సాయంత్రం నుంచీ కరెంటు లేదు, అంతే. మరునాడు ఆయన “అమ్మీ, రాత్రి ఫోను ఎందుకు ఎత్తలేదు?” అని అడిగితే, ఆమె “మోగితే కదా బేటా ఎత్తేది!” అన్నారట. ఆ ఫోను బిగించిన మనిషి వేగం గురించి, ఉచిత కాల్స్ గురించి చాలా చెప్పాడు గాని, కరెంటు మాట ఎత్తలేదు. ఆ రాత్రి ఆమెకు గుండెలో నొప్పి వచ్చి ఉంటే 108కి కూడా ఆ ఫోనుతో కబురు చేయగలిగేవారు కాదు.

ఇది మన దేశానికి మాత్రమే వచ్చిన చిక్కు కాదు. బ్రిటన్‌లో పాత రాగి తీగల ఫోన్లను తొలగించి, ఇంటింటికీ ఇంటర్నెట్ ఫోన్లు ఇచ్చే పని కొన్నేళ్లుగా సాగుతోంది. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, ఇంటి ఫోను మీదే ఆధారపడేవారు కరెంటు పోయినప్పుడు కనీసం ఒక గంటపాటు అత్యవసర సేవలకు ఫోను చేయగలిగే ఏర్పాటును కంపెనీలు కల్పించాలని చెప్పింది. తుపానులలో కరెంటు పోయి ప్రజలు ఇబ్బంది పడిన పిమ్మట, 2022 మార్చిలో అక్కడి పెద్ద ఫోను సంస్థ బీటీ ఈ మార్పిడిని కొంతకాలం నిలిపివేసింది. వృద్ధులు మెడలో వేసుకునే సహాయ గంటలు కొత్త లైను మీద పనిచేయకపోవడంతో 2023 డిసెంబరులో మార్పిడికి మళ్లీ పగ్గాలు పడ్డాయి. అమెరికాలో 2015లో చేసిన నియమం ప్రకారం, ఇలాంటి ఫోను ఇచ్చే కంపెనీలు 8 గంటలు పనిచేసే బ్యాటరీ ఏర్పాటును కోరినవారికి అమ్మవలసి వచ్చింది. అంత సంపన్న దేశాలలోనే ఇంత ఆలోచన చేయవలసి వచ్చినప్పుడు, కరెంటు కోతలు మామూలైన మన పల్లెలలో మనం ఎంత ముందుచూపుతో ఉండాలో వేరుగా చెప్పనక్కరలేదు.

మాటకు కావలసిన వేగం చాలా తక్కువ

ఇక స్పీడు సంగతి. మనం మాట్లాడే మాటను ఆ పెట్టె చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. సాధారణంగా సెకనులో 50వ వంతు మాట ఒక్కో పొట్లంలో ఉంటుంది. అంటే సెకనుకు 50 పొట్లాలు వెళ్తాయి, 50 వస్తాయి. పాత ఫోనుతో సమానమైన నాణ్యత గల మాటకు సెకనుకు 64 కిలోబిట్లు పడుతుంది. ప్రతి పొట్లం మీద రాసే చిరునామాల బరువు కూడా కలిపితే అది సుమారు 80 నుంచి 90 కిలోబిట్లు అవుతుంది. 30 మెగాబిట్ల చిన్న ప్లానులో కూడా ఇది మూడు వందో వంతు కంటే తక్కువే. కనుక ఫోను కోసం పెద్ద ప్లాను కొనడం వృథా ఖర్చు.

మాటకు కావలసింది వేగం కన్నా క్రమం. పొట్లం ఆలస్యంగా వస్తే, అటువైపు మాట ముగిసిందనుకుని మనం మాట్లాడటం మొదలుపెడతాము, ఇద్దరి మాటలూ ఢీకొంటాయి. నోటి నుంచి అవతలి చెవికి 150 మిల్లీసెకన్లలోపు చేరితే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం చెబుతోంది. పొట్లాలు ఒకటి ముందు, ఒకటి వెనుకగా వస్తే మాట గరగరలాడుతుంది. దారిలో పోతే అక్షరాలు ఊడిపోతాయి.

ఇంట్లో ఈ క్రమాన్ని చెడగొట్టేది చాలావరకు మన సెల్‌ఫోన్లే. పెళ్లి వీడియోలు, ఫోటోలు నెట్‌లో దాచుకునేందుకు పైకి వెళ్తూ ఉంటాయి. అప్పుడు రౌటరు గుమ్మం వద్ద పొట్లాలు బారులు తీరుతాయి. చిన్నదైన మాట పొట్లం ఆ బారులో నిలబడిపోతుంది. దీనికి విరుగుడు రెండు విధాలు. వీడియోలు పైకి పంపే పనిని రాత్రి పడుకున్నాక పెట్టుకోవడం ఒకటి. రౌటరులో ‘క్యూఓఎస్’ అనే ఏర్పాటు ఉంటే మాట పొట్లాలకు ముందు దారి ఇవ్వమని నిర్దేశించడం రెండవది. అంబులెన్సుకు దారి వదిలినట్టు అది మాటకు దారి వదులుతుంది.

నాలుగు మార్గాలు, ఏ ఇంటికి ఏది?

ఇంటర్నెట్ ఫోను ఇంటికి తెచ్చుకునే మార్గాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది బ్రాడ్‌బ్యాండు కంపెనీ ఇచ్చే నంబరు. బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్ వంటి సంస్థల ఫైబర్ పెట్టెలలో వెనుకవైపు ఒక చిన్న ఫోను రంధ్రం ఉంటుంది. పాత ల్యాండ్‌లైను ఫోను తీగ అందులో సరిగ్గా అమరుతుంది. కంపెనీ వారు గుర్తింపు పత్రాలు చూసి నంబరును ప్రారంభిస్తారు. పెద్దవారున్న ఇంటికి అన్నింటికంటే తగినది ఇదేనని మా అభిప్రాయం. ఇందులో మనం నింపవలసిన లెక్కలేవీ ఉండవు.

రెండవది సెల్‌ఫోనులోని ‘వైఫై కాలింగ్’. లోపలి గదిలో సిగ్నల్ అందని ఇంట్లో ఇది గొప్ప ఉపకారి. మన సిమ్ నంబరే, మన మామూలు డయల్ పద్ధతే. మాట మాత్రం టవరుకు బదులు ఇంటి వైఫై మీదుగా వెళ్తుంది. ఫోను సెట్టింగులలో ఒక మీట నొక్కితే చాలు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీనిని మొదలుపెట్టాయి. ఫోనులోనూ ఆ సౌకర్యం ఉండాలి.

మూడవది అడాప్టరు పద్ధతి. బ్రాడ్‌బ్యాండు ఒకరి వద్ద, ఫోను నంబరు మరొకరి వద్ద తీసుకునేవారికి ఇది అవసరం. ఈ చిన్న పెట్టెకు ఒకవైపు రౌటరు, మరొకవైపు మామూలు ఫోను తగిలిస్తారు. దుకాణాలకు, కార్యాలయాలకు ఇది ఎక్కువ పనికి వస్తుంది. మన దేశంలో లైసెన్సు గల సంస్థ వద్దనే నంబరు తీసుకోవాలి.

నాలుగవది వాట్సాప్ వంటి యాప్‌లు. వీటి మీద మాట బాగానే వినిపిస్తుంది, ముఖం కూడా కనిపిస్తుంది. కాని వాట్సాప్ నుంచి 108కి గాని, 112కి గాని ఫోను చేయలేము. అందువల్ల ఇవి ఇంటి ఫోనుకు తోడు కాగలవు గాని, దాని స్థానంలో నిలబడలేవు.

బిగించే క్రమం

మొదట కరెంటు. మన ఇళ్లలో చాలా వాటికి ఇన్వర్టరు ఉంది. అయితే ఫైబర్ పెట్టె తగిలించిన ప్లగ్గు ఇన్వర్టరు లైనులో ఉందో లేదో చూడండి. ఫ్యానుకు, లైటుకు లైను లాగి, టీవీ దగ్గరి ప్లగ్గును వదిలేయడం సర్వసాధారణం. ఫైబర్ పెట్టె తరచుగా ఆ టీవీ పక్కనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ ఒక్క ప్లగ్గును ఇన్వర్టరు లైనులోకి మార్పిస్తే సగం పని అయినట్టే. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ క్షణంలో పెట్టె ఆరిపోయి మళ్లీ మొదలవుతుంటే, ఇన్వర్టరు మీద ‘యూపీఎస్’ అని రాసి ఉన్న స్థానానికి మీట మార్చి చూడండి. ఆ స్థానంలో అది త్వరగా అందుకుంటుంది.

ఇన్వర్టరు లేని ఇంటికి రౌటరు కోసమే చేసిన చిన్న యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు మీ పెట్టె అడాప్టరు మీద రాసి ఉన్న వోల్టులు చూసుకోండి. చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది, కొన్నింటికి 9 ఉంటుంది. వోల్టులు కచ్చితంగా సరిపోవాలి. ఆంపియర్లు సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలి. ఎంతసేపు వస్తుందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. లోపల 3.7 వోల్టుల ఘటాలు మూడు, ఒక్కొక్కటి 2,500 మిల్లీ ఆంపియర్ అవర్లు ఉన్నాయనుకోండి. 3.7ను 2.5తో, ఆపై 3తో గుణిస్తే సుమారు 28 వాట్ అవర్లు. మీ పెట్టె 10 వాట్లు తింటే రెండున్నర గంటల పైమాట. మార్పిడిలో కొంత నష్టం పోతుంది గనుక రెండు గంటలని అనుకోవడం క్షేమం. పెట్టె ఒకటి, వైఫై రౌటరు మరొకటి విడిగా ఉన్న ఇళ్లలో రెండింటికీ ఏర్పాటు ఉండాలని మరువకండి.

ఇంటి వరకు మనం చూసుకున్నా, వీధిలో ఏముందో కూడా అడిగి తెలుసుకోవాలి. పెద్ద కంపెనీల ఫైబరులో, కంపెనీ కేంద్రం నుంచి ఇంటి వరకు మధ్యలో ఉండే విభజన పెట్టెలకు సాధారణంగా కరెంటు అవసరం ఉండదు. కొందరు స్థానిక కేబుల్ వారు మాత్రం స్తంభాల మీద కరెంటుతో నడిచే పెట్టెలు పెడతారు. ఆ వీధిలో కరెంటు పోతే అవి కూడా ఆగుతాయి. కనెక్షను తీసుకునేముందే “కరెంటు పోతే మీ లైను ఎంతసేపు ఉంటుంది?” అని అడగడం మన హక్కు.

రెండవది ఫోను పరికరం. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇల్లంతా తిరుగుతూ మాట్లాడవచ్చని తీగ లేని కార్డ్‌లెస్ ఫోను కొంటారు. దాని పీఠానికి కూడా కరెంటు కావాలి. పెట్టెకు యూపీఎస్ ఉండి, ఫోను పీఠానికి లేకపోతే ఫలితం శూన్యం. కాబట్టి కనీసం ఒక ఫోనైనా తీగతో ఉండే మామూలుది ఉంచండి. అది పెట్టె నుంచే కరెంటు తీసుకుంటుంది. పాత ఫోను వాడేటట్లయితే దాని అడుగున ‘పల్స్’, ‘టోన్’ అనే మీట ఉందేమో చూసి ‘టోన్’ వైపు ఉంచండి. లేకపోతే మోగుతుంది గాని, నంబరు నొక్కితే వెళ్లకపోవచ్చు.

మూడవది ఇంటి లోపలి తీగలు. పూర్వం ప్రతి గదికీ లాగిన ఫోను తీగలను ఈ కొత్త పెట్టెకు కలిపి వాడుకోవచ్చు. కాని ముందుగా బయటి నుంచి వచ్చే పాత కంపెనీ తీగను పూర్తిగా విడదీయాలి. అటునుంచి ఇంకా విద్యుత్తు వస్తూ ఉంటే కొత్త పెట్టె పాడవుతుంది. ఒక పెట్టెకు రెండు మూడు ఫోన్లకు మించి తగిలిస్తే మోత బలహీనమవుతుంది.

నాలుగవది, అడాప్టరు పద్ధతి ఎంచుకున్నవారు నింపవలసిన వివరాలు. సర్వరు చిరునామా, వినియోగదారు పేరు, రహస్య సంకేతం అనే మూడింటిని నంబరు ఇచ్చిన సంస్థ ఇస్తుంది. వాటిని అక్షరం తప్పకుండా నింపితే అడాప్టరు మీద దీపం వెలుగుతుంది. అడాప్టరును రౌటరుకు వైఫైతో కాక తీగతోనే కలపండి.

ఐదవది డయల్ పద్ధతి. 2021 జనవరి 15 నుంచి మన దేశంలో ల్యాండ్‌లైను నుంచి సెల్‌ఫోనుకు చేసేటప్పుడు ముందు సున్నా నొక్కాలి. ఇంట్లో పెద్దవారికి ఇది చెప్పకపోతే “ఈ ఫోను పనిచేయదు” అని పక్కన పెట్టేస్తారు. కొడుకు, కూతురు, దగ్గరి బంధువు, డాక్టరు నంబర్లను ముందు సున్నాతో సహా పెద్ద అంకెలతో కాగితం మీద రాసి ఫోను పక్కన గోడకు అంటించండి. 108, 112 నంబర్లను వాటి పైన రాయండి.

మాట సరిగా వినిపించకపోతే

మన మాట వారికి వినిపిస్తుంది, వారి మాట మనకు వినిపించదు అన్న ఫిర్యాదు అడాప్టరు వాడేవారిలో ఎక్కువ. ఇంట్లోని పరికరాలన్నీ రౌటరు వెనుక ఒకే చిరునామాను పంచుకోవడం వల్ల, తిరిగి వచ్చే మాట ఎవరిదో తేలక ఆగిపోవడమే దీనికి మూలం. చాలా రౌటర్లలో ‘సిప్ ఏఎల్‌జీ’ అనే ఏర్పాటు ఉంటుంది. సాయం చేయడానికే పెట్టినా, అది తరచుగా చిక్కే తెస్తుంది. ముందుగా దానిని ఆపి చూడండి. బ్యాంకుకు ఫోను చేసి “ఒకటి నొక్కండి” అన్నప్పుడు నొక్కినా వారికి తెలియకపోతే, అడాప్టరులో ‘డీటీఎంఎఫ్’ అనే వరుస వద్ద పద్ధతి మార్చమని సంస్థవారిని అడగండి. సాయంత్రం వేళ మాత్రమే మాట తెగుతుంటే తప్పు ఫోనుది కాదు, ఆ వేళ అందరూ నెట్ వాడటం వల్ల లైను కిక్కిరిసిందని అర్థం. ఏ రోజు, ఏ గంటకు తెగిందో రాసిపెట్టి కంపెనీకి చూపితే వారు తప్పించుకోలేరు.

పరదేశంలో ఉన్నవారి వైపు

ఫోను రెండు కొసలూ బాగుంటేనే మాట సాగుతుంది. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో, నిబంధనలకు లోబడిన ఇంటర్నెట్ కాల్ యాప్‌ల మీద నిషేధాన్ని ఎత్తివేసింది. ఎమిరేట్స్‌లో నియమాలు మరింత కఠినం. అక్కడ అనుమతి పొందిన యాప్‌ల ద్వారానే ఇంటర్నెట్ కాల్స్ చేయాలి. బోటిమ్ అనే యాప్ అందుకే మన వారిలో అంత పేరు పొందింది. అడ్డును దాటడానికి వీపీఎన్ పెట్టుకోమని స్నేహితులు సలహా ఇస్తారు. నేరానికి వీపీఎన్ వాడినట్టు తేలితే అక్కడి సైబరు చట్టం ప్రకారం జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది. తల్లితో మాట్లాడాలన్న ఆరాటం ఎంత స్వచ్ఛమైనదైనా, అందుకోసం ఉద్యోగాన్నీ స్వేచ్ఛనూ పణం పెట్టడం ఆ తల్లి కోరుకునేది కాదు. అనుమతి గల యాప్ ఏదో తెలుసుకుని, దానినే ఇక్కడ ఇంట్లోవారి సెల్‌ఫోనులోనూ పెట్టించండి. రాత్రివేళ అత్యవసరంగా మోగవలసిన నంబరుగా ఇంటి ఫోనును ఉంచండి.

కనెక్షను మన పేరు మీద ఉంది

చివరగా రెండు జాగ్రత్తలు. రౌటరుకు, అడాప్టరుకు కంపెనీ పెట్టిన మొదటి రహస్య సంకేతాన్ని తప్పక మార్చండి. దానిని వదిలేస్తే, ఎక్కడో కూర్చున్న దొంగలు మన నంబరు మీద విదేశాలకు కాల్స్ చేసి బిల్లు మన మీద వేయగలరు. విదేశీ కాల్స్ అవసరం లేని ఇంట్లో ఐఎస్‌డీని మూయించడం మేలు.

రెండవది మరింత తీవ్రమైనది. “మీ ఇంట్లో ఒక చిన్న పెట్టె పెట్టుకోండి, మీ బ్రాడ్‌బ్యాండుకు తగిలిస్తాము, నెలకు ఇంత అద్దె ఇస్తాము” అని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. పదుల కొద్దీ సిమ్ కార్డులు దూర్చి, విదేశాల నుంచి ఇంటర్నెట్ మీద వచ్చే కాల్స్‌ను ఇక్కడి మామూలు కాల్స్‌గా మార్చే పెట్టెలు అవి. మోసగాళ్లు తమ నంబరు దాచుకోవడానికి వాటిని వాడతారు. అనుమతి లేకుండా టెలికాం సేవలు నడిపినవారికి 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం 3 ఏళ్ల వరకు జైలు, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. పోలీసులు మొదట వచ్చేది కనెక్షను ఎవరి పేరు మీద ఉందో వారి గుమ్మానికే. కష్టపడకుండా వచ్చే అద్దె వెనుక ఎవరి కన్నీరు ఉందో అడగడం మన బాధ్యత.

ఒక్క సాయంత్రం పరీక్ష

ఇంత చెప్పిన పిమ్మట మీరు చేయవలసిన పని ఒక్కటే. ఈ మాసంలో ఒక సాయంత్రం, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, మెయిన్ స్విచ్ కట్టివేయండి. ఐదు నిమిషాలు ఆగి మరో ఫోను నుంచి ఇంటి నంబరుకు చేయండి. మోగిందా? ఎత్తి మాట్లాడితే రెండువైపులా వినిపించిందా? ఇంట్లోని పెద్దవారిని కుర్చీలోంచి లేచి వెళ్లి, కాగితం మీది నంబరు చూసి తామే ఫోను చేయమనండి. ఆ చీకటిలో వారికి ఫోను కనబడిందా, అంకెలు తెలిశాయా అన్నది కూడా చూడండి. తరువాత గంట గంటకూ ఒకసారి పరీక్షించి, బ్యాటరీ ఎంతసేపు నిలిచిందో ఆ కాగితం అడుగున రాయండి. బ్యాటరీలు కాలక్రమాన బలహీనపడతాయి గనుక ఆరు నెలలకొకసారి ఇలా చేయడం మంచిది.

ఆ సాయంత్రం ఫోను మోగకపోతే దిగులుపడవలసింది లేదు. లోపం ఎక్కడుందో పగటిపూటే తెలిసింది. మరునాడే ప్లగ్గు మార్పించుకోవచ్చు, యూపీఎస్ కొనుక్కోవచ్చు. మోగితే మాత్రం, దూరదేశంలో ఉన్న మీ బిడ్డకు ఆ సంగతి చెప్పండి. రాత్రి ఏ గంటకు చేసినా అమ్మీ ఫోను మోగుతుందన్న నమ్మకంతో వారు నిశ్చింతగా నిద్రపోగలుగుతారు.